కారు లెదర్ సీట్లకు కొబ్బరి నూనె రాయొచ్చా?

గుంటూరు నుంచి మీరు రాసినది నాకు అర్థమైనంతవరకు ఇదీ. 2014 స్కోడా సూపర్బ్ సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు. లోపల ఐవరీ రంగు లెదర్ సీట్లు. డ్రైవర్ సీటు నల్లబడి నిగనిగలాడుతోంది, హెడ్‌రెస్ట్ చేతికి జిగురుగా తగులుతోంది, కూర్చునేచోట సన్నటి గీతలు కనిపిస్తున్నాయి. పక్కింటి పెద్దాయన కొబ్బరి నూనె పట్టించమన్నారు. వాటర్ వాష్ వాళ్లు షాంపూ కొట్టి పాలిష్ వేస్తామన్నారు. ఏది చేయించాలి, ఎన్నాళ్లకోసారి చేయించాలి అని అడిగారు.

రెండూ వద్దండి. సీట్ల జోలికి వెళ్లేముందు ఇది పూర్తిగా చదవండి, కాస్త పెద్దదే రాస్తున్నాను.

నేను విజయవాడ ఆటోనగర్‌లో 22 ఏళ్లుగా సీట్ల పనిలో ఉన్నాను. మొదట మిషన్ మీద రెగ్జిన్ కవర్లు కుట్టేవాణ్ణి. తర్వాత లెదర్ శుభ్రం చేయడం, చిరుగులు పూడ్చడం, రంగు వేయడం నేర్చుకున్నాను. నా దగ్గరికి వచ్చే సీట్లలో వాడకం వల్ల పాడైనవి తక్కువ. బాగుచేద్దామని ఎవరో ఏదో రాయడం వల్ల పాడైనవే ఎక్కువ. పదిహేనేళ్లు ఉండాల్సిన మంచి సీటు ఒక్క ఆదివారం పొద్దున పాడైపోయి వస్తే మనసు చివుక్కుమంటుంది. అందుకే ఇంత వివరంగా చెబుతున్నాను.

ముందు పెద్దాయన మాట చూద్దాం. ఆయన చెప్పింది ఆయన కాలానికి నూటికి నూరు పాళ్లు నిజం. పూర్వం మన ఊళ్లలో తోళ్లను తంగేడు చెక్కతో పదును చేసేవాళ్లు. ఆ తోలుతో కుట్టిన కిర్రు చెప్పులకు ఆముదం పట్టిస్తే చక్కగా తాగేవి, మెత్తబడేవి, వానకు తట్టుకునేవి. ఎందుకంటే ఆ తోలు మీద ఏ పూతా ఉండదు. చేత్తో ముట్టుకుంటే నేరుగా తోలే తగులుతుంది.

కారు సీటు తోలు కథ వేరు. దాన్ని క్రోమియం లవణాలతోనో, వేరే రసాయనాలతోనో పదును చేస్తారు, మెత్తదనానికి కావలసిన కొవ్వు పదార్థాలు ఫ్యాక్టరీలోనే లోపలికి ఎక్కిస్తారు. ఆ తర్వాత పైన రంగు పూత, దాని మీద గీతలు పడకుండా పారదర్శకమైన పాలియురెథేన్ పూత వేస్తారు. ఈ పూతలన్నీ కలిపినా వెంట్రుక మందం కూడా ఉండవు. మీరు కూర్చునేదీ, తుడిచేదీ, గీరేదీ అంతా ఆ పూత మీదే. ఎనామెల్ పెయింట్ వేసిన తలుపు అనుకోండి. తలుపుకు నూనె రాస్తే చెక్క తాగుతుందా? పైనే నిలిచిపోతుంది. సీటు మీద కూడా అంతే. నిలిచిన నూనె దుమ్మును పట్టి ఉంచుతుంది, ఎండకు ముక్కవాసన కొడుతుంది, కుట్టు రంధ్రాల్లోంచి దిగి దారాన్ని నల్లగా చేస్తుంది. అన్నిటికన్నా చెడ్డది, నెలల తరబడి అలాగే ఉంటే ఆ పూతనే మెత్తబరుస్తుంది. మీ హెడ్‌రెస్ట్ జిగురుగా ఉందన్నారు చూశారా, అది చాలావరకు ఇదే. ఇన్నేళ్లూ ఆ సీట్లో కూర్చున్నవాళ్ల తలనూనె అక్కడ చేరింది. నూనె వల్ల వచ్చిన జబ్బుకు మళ్లీ నూనే రాస్తే ఎలా?

ఇక వాటర్ వాష్ వాళ్ల షాంపూ. చాలాచోట్ల వాడేది అన్నిటికీ పనికొస్తుందని అమ్మే గాఢమైన క్లీనర్. టైర్లకూ అదే, డోర్ ప్యాడ్‌కూ అదే, సీట్లకూ అదే. అది క్షార గుణం ఉన్న ద్రవం. తోలు స్వభావం కొంచెం ఆమ్లం వైపు ఉంటుంది, ఆమ్ల క్షారాలను కొలిచే పీహెచ్ లెక్కలో సుమారు 3.5 నుంచి 5 మధ్య (7 అంటే న్యూట్రల్, ఆమ్లమూ కాదు, క్షారమూ కాదు). గాఢమైన క్షారం పదే పదే తగిలితే పైపూత నీరసపడుతుంది, పూత పోయినచోట తోలు గట్టిపడుతుంది. బట్టల సబ్బు, డిటర్జెంట్ పొడి, వంటసోడా కూడా ఈ కోవలోవే. గిన్నెలు తోమే లిక్విడ్ కూడా వద్దు. ఇక చివర్లో వేసే పాలిష్ సాధారణంగా సిలికాన్. రెండు రోజులు అద్దంలా మెరుస్తుంది, బ్రేక్ వేస్తే మనిషి ముందుకు జారతాడు, మూడో రోజు నుంచి దుమ్మంతా దాని మీదే.

మెరుపు గురించి ఒక మాట గట్టిగా చెప్పాలి. కొత్త కారు షోరూంలో ఉన్నప్పుడు దాని లెదర్ సీటు మీద లైటు ఎలా పడుతుందో గమనించండి. మెరవదు. మెత్తటి, మట్టి కుండ లాంటి మ్యాట్ రంగులో ఉంటుంది. మీ డ్రైవర్ సీటు మెరుస్తోందంటే దాని మీద చెమట, నూనె, పాత పాలిష్ పొరలు పేరుకున్నాయని అర్థం. శుభ్రమయ్యాక మెరుపు పోతుంది. అది చూసి పాడైపోయిందని కంగారు పడకండి, అప్పుడే అది అసలు రూపానికి వచ్చినట్టు.

ఇంకో సంగతి. మన దగ్గర లెదర్ సీట్లు అని చెప్పి అమ్మే కార్లలో చాలావాటికి ఉండేది లెదరెట్, అంటే మనం రెగ్జిన్ అని పిలిచేదే. అసలు తోలు వచ్చే ఖరీదైన కార్లలో కూడా మన ఒళ్లు తగిలే భాగం వరకే తోలు, పక్కలూ వెనకభాగం రెగ్జిన్ ఉండటం మామూలే. తెలుసుకోవాలంటే సీటు కిందనో, వెనక జిప్పు దగ్గరో అంచు తిప్పి లోపలి వైపు చూడండి. గుడ్డ నేత కనిపిస్తే రెగ్జిన్. నూగుగా, స్వెడ్ చెప్పులా ఉంటే తోలు. లైటర్‌తో కాల్చి చూడమని ఎవరైనా చెబితే వినకండి, అలా చిల్లు పడిన సీట్లు నేను పూడ్చాను. శుభ్రం చేసే పద్ధతి రెండిటికీ ఒకటే కాబట్టి ఈ విషయంలో మీకు టెన్షన్ అక్కర్లేదు. తేడా ఎక్కడంటే, రెగ్జిన్ పొట్టు లేవడం మొదలైతే దానికి మందు లేదు, ఆ ముక్క మార్చాల్సిందే. తోలుకైతే మళ్లీ పూత వేసి నిలబెట్టవచ్చు.

ఇప్పుడు మీ సీటుకు చేయాల్సిన మొదటి పరీక్ష. తెల్లటి మైక్రోఫైబర్ గుడ్డ తీసుకుని మంచినీళ్లలో ముంచి గట్టిగా పిండండి. డ్రైవర్ సీటు మీద ఒక మూల, చేతి ఒత్తిడి లేకుండా పదిసార్లు తుడవండి. గుడ్డకు గోధుమరంగు, బూడిదరంగు అంటితే అది మురికి, సంతోషించండి. ఐవరీ రంగు, అంటే సీటు రంగే అంటుకుంటే పైపూత పోయిందని అర్థం. అక్కడితో ఆపేయండి, ఆ భాగానికి కావలసింది రంగు పని, ఎంత రుద్దితే అంత నష్టం. అలాగే అరిగినట్టున్నచోట ఒక్క నీటిచుక్క వేసి అర నిమిషం చూడండి. చుక్క ముత్యంలా నిలబడితే పూత బాగుంది. ఇంకి, చుట్టూ నల్లగా మారితే పూత పోయింది. కొన్ని చాలా ఖరీదైన కార్లలో పూత లేని తోలు కూడా వాడతారు, దాని మీదా చుక్క ఇంకుతుంది. దానికి ఇంట్లో ఏదీ చేయకపోవడమే మంచిది.

పరీక్ష బాగానే వస్తే శుభ్రం చేయడానికి కావలసినవి ఇవి: మెత్తటి కుచ్చు బిగించిన వాక్యూమ్, గుర్రపు వెంట్రుకల బ్రష్ లేదా చిన్నపిల్లల మెత్తటి టూత్‌బ్రష్, ఐదారు తెల్ల మైక్రోఫైబర్ గుడ్డలు, పీహెచ్ న్యూట్రల్ అని డబ్బా మీద స్పష్టంగా రాసి ఉన్న లెదర్ క్లీనర్. సోనాక్స్, కలర్‌లాక్, లెక్సాల్ లాంటి కంపెనీలవి ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. పేరుకన్నా ఆ డబ్బా మీద ఏం రాసి ఉందో చూసుకోవడం ముఖ్యం. మీ ఇంట్లో బోరు నీళ్లు ఉప్పగా ఉంటే వాడకండి, ఆరాక తెల్ల మచ్చలు కడతాయి. తాగే ఆర్ఓ నీళ్లు అర బక్కెట్టు చాలు. ఆర్ఓ మిషన్ బయటికి వదిలే నీళ్లు మాత్రం పట్టకండి, అందులో ఉప్పు ఇంకా ఎక్కువ.

కారు నీడలో పెట్టండి. సీటు చల్లగా ఉండాలి, వేడి సీటు మీద క్లీనర్ ఆరిపోయి చారలు పడతాయి. మొదట వాక్యూమ్. ఈ మెట్టు దాటేసి చాలామంది నేరుగా తడిగుడ్డ పెడతారు. కుట్ల సందుల్లో, సీటుకూ వీపుకూ మధ్య గాడిలో సన్నటి ఇసుక ఉంటుంది. దాని మీద తడిగుడ్డతో రుద్దారంటే ఉప్పు కాగితం పెట్టి గీసినట్టే. మా దగ్గర ఒక సీటుకు వాక్యూమ్‌కే పావుగంట పడుతుంది, కుట్టు కుట్టూ బ్రష్‌తో విప్పుతూ లాగుతాం.

తర్వాత క్లీనర్ బ్రష్ మీద వేసుకోండి, సీటు మీద నేరుగా కొట్టకండి. మీ సీటుకు సన్నటి రంధ్రాలు ఉంటే ఇది మరీ ముఖ్యం. నీరు ఆ రంధ్రాల్లోంచి లోపలి ఫోమ్‌లోకి దిగితే రోజుల తరబడి ఆరదు, వెంటిలేటెడ్ సీటైతే కింద ఫ్యానూ, వైర్లూ ఉంటాయి. అడుగు వెడల్పు, అడుగు పొడవు ముక్క మాత్రమే తీసుకుని బ్రష్ బరువుతోనే గుండ్రంగా తిప్పండి. నురగ లేచి రంగు మారగానే, ఆరకముందే పొడిగుడ్డతో ఎత్తేయండి. నురగను అటూ ఇటూ రుద్దితే మురికి మళ్లీ ముడతల్లోకి పోతుంది, గుడ్డ అద్ది ఎత్తాలి. తర్వాత మంచినీటిలో పిండిన గుడ్డతో ఒకసారి, పొడిగుడ్డతో ఇంకోసారి. ఆ ముక్క అయ్యాకే పక్క ముక్క. అంతా అయ్యాక తలుపులు తీసి గంటసేపు గాలికి వదిలేయండి. హెయిర్ డ్రయర్ పెట్టకండి.

హెడ్‌రెస్ట్ సంగతి విడిగా చెప్పాలి, మీ కారులో అసలు పని అక్కడే ఉంది. బటన్ నొక్కి పైకి లాగితే ఊడి వస్తుంది. దాన్ని బల్ల మీద పాత తువ్వాలు పరిచి పెట్టుకోండి, కారులో వంగి చేసే పని కాదు ఇది. మొదటిసారి బ్రష్ తిప్పగానే వచ్చే నురగ చిక్కటి కాఫీ డికాక్షన్ రంగులో ఉంటుంది, వేళ్ల మధ్య సాగుతుంది కూడా. ఎత్తేయండి, తుడవండి, ఆ రోజుకు ఆపేయండి. లోపలి జిడ్డు ఒక రాత్రిలో మళ్లీ పైకి తేలుతుంది. రెండో రోజు చేస్తే నురగ టీ రంగులో ఉంటుంది, మూడో రోజుకు పలచబడుతుంది. మూడు సార్లు నెమ్మదిగా చేసిన పని, ఒక్కసారి గాఢమైన మందు పెట్టి చేసినదానికన్నా ఎప్పుడూ మేలు. మూడు సార్లు అయ్యాక కూడా బొటనవేలితో అదిమితే వేలిముద్ర నిలిచిపోతోందా? అయితే పూత నూనెకు మెత్తబడిపోయింది. దాన్ని ఏ క్లీనరూ తిరిగి గట్టిపరచలేదు, జిడ్డు లాగేసి మళ్లీ రంగు వేయించాలి. హెడ్‌రెస్ట్ ఒక్కటే అయితే చిన్న పని.

అదే బ్రష్‌తో స్టీరింగ్ కూడా చేసుకోండి. రోజూ చేతులు పెట్టేది అదే, కారులో అందరూ మర్చిపోయేదీ అదే.

ఇక గీతలు. ముడత వేరు, పగులు వేరు. మనిషి రోజూ కూర్చుంటే మోచేయి చర్మం ముడతపడ్డట్టే తోలూ ముడతపడుతుంది, అది జబ్బు కాదు. ఆ గీత మీద గోరు అడ్డంగా పోనివ్వండి. జారిపోతే ముడత. గోరు తట్టుకుంటే పగులు. పగులంటే పూత తెగిందని అర్థం, అందులోకి మురికి, చెమట దిగుతాయి, తోలు లోపల్నుంచి ఎండిపోతుంది. కండిషనర్ రాస్తే పగుళ్లు మూసుకుంటాయని డబ్బాల మీద రాసేది నమ్మకండి. కాసేపు నల్లగా కనిపించి దాగుతాయి, అంతే. పగులు బాగుచేయాలంటే జిడ్డు పూర్తిగా తీసి, సన్నటి ఉప్పు కాగితంతో అంచులు సమం చేసి, ఫిల్లర్ నింపి, లెదర్ రంగు పలచటి పొరలుగా వేసి, చివర పైపూత వేయాలి. ఎవరికి ఇచ్చినా రెండు ప్రశ్నలు అడగండి: చివర టాప్‌కోట్ వేస్తారా? ఆరాక నా ముందే తడి తెల్లగుడ్డతో రుద్ది చూపిస్తారా? ఈ రెండిటికీ సూటిగా జవాబు చెప్పనివాళ్లకు సీటు అప్పగించకండి. బూటు పాలిష్ పట్టించి పంపేవాళ్లూ ఉన్నారు, వారం తిరక్కముందే ఆ రంగు మీ తెల్ల చొక్కాకు అంటుతుంది.

డ్రైవర్ సీటు కుడి అంచు అందరి కార్లలో ముందు పోతుంది. మనం ఎక్కేటప్పుడు ఆ అంచు మీద కూర్చుని లోపలికి జరుగుతాం. జీన్స్ వెనక జేబు రివెట్లు, బెల్టు, జేబులోని తాళాలు ఆ పూతను గీస్తూనే ఉంటాయి. ముందు పూర్తిగా సీటు మధ్యలో కూర్చుని, తర్వాత కాళ్లు లోపలికి తీసుకోవడం అలవాటు చేసుకోండి. ఈ ఒక్క అలవాటు ఏ డబ్బా మందుకన్నా ఎక్కువ పని చేస్తుందని నేను ఒట్టేసి చెబుతాను. కొత్త జీన్స్ నీలం కూడా ఐవరీ సీట్లకు శత్రువే. కొన్న ప్యాంటు రెండు మూడు ఉతుకులు అయ్యేదాకా ఆ సీట్లో కూర్చోకపోతే మంచిది. నీలం కనిపించిన రోజే తుడిస్తే పోతుంది, ఎండలో రెండు వారాలు కాలాక పూతలో కలిసిపోతుంది.

కండిషనర్ అసలు వద్దా అంటే, వద్దనను. పూత ఉన్న తోలులో అది లోపలికి ఇంకేది చాలా తక్కువ. కానీ మంచి నీటి ఆధారిత కండిషనర్ పైన పలచటి పొరలా నిలిచి రాపిడి తగ్గిస్తుంది, ఎండను కొంత ఆపేది కలిసినదైతే ఇంకా మేలు. సీటు శుభ్రమయ్యాకే రాయాలి, మురికి మీద రాస్తే మురికిని లోపల పెట్టి తాళం వేసినట్టే. ఒక సీటుకు ఐదు రూపాయల బిళ్లంత చాలు. గుడ్డ మీద వేసుకుని రాయండి, ఇరవై నిమిషాలు ఆగి పొడిగుడ్డతో మిగిలింది తీసేయండి. చేత్తో తడిమితే జిడ్డు తగలకూడదు. తగిలిందంటే ఎక్కువైంది.

మరకల్లో మన ప్రాంతానికే ప్రత్యేకమైనది ఒకటుంది, పసుపు. మా దగ్గర కొత్త కారు కొన్నవాళ్లు దుర్గమ్మ కొండ దగ్గర పూజ చేయించి, అదే చేతులతో తలుపు తీసి సీట్లో కూర్చుంటారు. కొన్నేళ్ల కిందట అలా వచ్చిన ఒక కారులో లేత రంగు సీటు మీద నాలుగు వేళ్ల పసుపు గుర్తు పడింది. మా కుర్రాడు నాకు చెప్పకుండా సబ్బునీళ్లు పెట్టాడు. చూస్తుండగానే ఆ పసుపు రక్తంలా ఎర్రబడింది. వాడి మొహంలో నెత్తురు చుక్క లేదు. పసుపులో సున్నం కలిపితే దిష్టి తీసే ఎర్రనీళ్లు తయారవుతాయని మన ఇళ్లలో అందరికీ తెలుసు, సబ్బుకూ సున్నానికీ ఉన్నది అదే క్షార గుణం. వెంటనే మంచినీటి గుడ్డతో సబ్బంతా తీసేశాక మళ్లీ పసుపు రంగుకు వచ్చింది. తర్వాత ఏమీ రాయలేదు. ఆ వైపు కిటికీలోంచి ఎండ పడేలా కారును తిప్పి పెట్టాం. పసుపులో రంగునిచ్చే కర్క్యుమిన్ వెలుగుకు నిలవదు. నాలుగో రోజుకు మరక జాడ లేదు. పసుపు మరకలు పడ్డ బట్టను మా అమ్మ ఎండలో ఆరేసేది ఇందుకే. కుంకుమ పడితే మాత్రం తడి తగలనివ్వకండి, పొడిగా వాక్యూమ్‌తో లాగేసి ఆ తర్వాతే తుడవండి. చాలా కుంకుమల్లో కృత్రిమ రంగు ఉంటుంది, తడి తగిలితే పాకుతుంది.

బాల్ పెన్ను గీత పడితే శానిటైజర్, సెంటు, థిన్నర్, నెయిల్ పాలిష్ తీసే ద్రవం ఏదీ వద్దు. నేను పనిలో కొత్తగా ఉన్నప్పుడు పక్క పెయింట్ షెడ్డు నుంచి థిన్నర్ తెచ్చి ఒక సిరా చుక్క తుడిచాను. చుక్కతోపాటు రూపాయి బిళ్లంత రంగు ఊడి వచ్చి గుడ్డకు అంటుకుంది. ఆ ముక్క సొంత ఖర్చుతో మార్చి ఇచ్చాను. కరోనా సమయంలో ఇదే తప్పు వేలమంది చేశారు, స్టీరింగ్‌కూ సీట్లకూ రోజూ శానిటైజర్ కొట్టి పూత పోగొట్టుకున్నారు. మరకలు తీసే తెల్ల స్పాంజి, మేజిక్ ఇరేజర్ అని అమ్మేది, అది కూడా సన్నటి ఉప్పు కాగితమే. ఆవకాయ నూనె, కాఫీ, పాలు లాంటివి పడితే రుద్దకుండా అద్ది పీల్చేసి, పైన చెప్పిన క్లీనర్‌తో తుడిస్తే చాలు. పాలు మాత్రం కుట్లలోకి దిగకముందే చూసుకోండి, ఆ వాసన ఓ పట్టాన వదలదు.

ఎండ గురించి గుంటూరులో ఉండే మీకు నేను కొత్తగా చెప్పేదేముంది. మే నెలలో ఎండలో నిలిపిన కారు లోపలి గాలి బయటికన్నా 20 డిగ్రీలకు పైనే వేడెక్కుతుంది, నేరుగా ఎండ పడే సీటు పైభాగం అంతకన్నా కాలుతుంది. ముందు అద్దం రెండు పొరల మధ్య ప్లాస్టిక్ పొర పెట్టినది కాబట్టి అతినీలలోహిత కిరణాలను చాలావరకు ఆపుతుంది. పక్క అద్దాలు అంతగా ఆపవు. అందుకే రంగు పాలిపోవడం కిటికీ వైపు నుంచి మొదలవుతుంది. రోజూ ఒకేచోట నిలిపేవాళ్లు వారానికోసారైనా కారు మొహం అటుదిటు తిప్పి పెట్టండి. ముందు అద్దానికి సన్‌షేడ్, నీడ దొరికినచోట నీడ, లేకపోతే బాడీ కవర్.

వెనకటి అంబాసిడర్లలో ఆఫీసర్ల సీట్ల మీద తెల్ల తువ్వాలు పరిచేవాళ్లు, గుర్తుందా? లెదర్ సీటుకు అంతకన్నా మంచి ఏర్పాటు ఇప్పటికీ లేదు. తలనూనె రాసుకునేవాళ్లు కూర్చునే సీటుకు తెల్ల నూలు తువ్వాలు వేసి వారానికోసారి ఉతకండి. రంగు తువ్వాలు వద్దు, చెమటకు రంగు దిగుతుంది. బిగుతైన ఫుల్ సీట్ కవర్లు మాత్రం వేయించకండి. ముందు సీటు పక్కన ఎయిర్‌బ్యాగ్ అని చిన్న ట్యాగ్ ఉంటే, ఆ బ్యాగ్ సీటు పక్కనున్న కుట్టు చీల్చుకునే బయటికి రావాలి. మీద మందపాటి కవర్ ఉంటే దానికి అడ్డం పడుతుంది. ఈ విషయంలో కస్టమర్ ఎంత బతిమాలినా నేను కవర్ కుట్టి ఇవ్వను.

వానాకాలంలో కారు పది రోజులు కదలకుండా మూసి ఉంచితే సీట్ల మీద తెల్లగా బూజు పడుతుంది. కారు బయటికి తీసి, తలుపులన్నీ తెరిచి, పొడిగుడ్డతో తుడిచి ఆ గుడ్డను పారేయండి. తర్వాత క్లీనర్, తర్వాత గాలి. తడి గొడుగు, తడి మ్యాట్ లోపల ఉంటే బూజు మళ్లీ వస్తుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు మునిగినప్పుడు మా షెడ్డుకు వరసగా కార్లు వచ్చాయి. అప్పుడు తేలిందేమిటంటే, బురద ఆరకముందే మంచినీటితో కడిగి, తోలును ఫోమ్ నుంచి విడదీసి నీడలో నిదానంగా ఆరబెట్టినవి చాలావరకు దక్కాయి. తొందరగా ఆరాలని ఎండలో పెట్టినవి బిగుసుకుపోయి, కుంచించుకుపోయి, మళ్లీ ఫోమ్ మీదికి ఎక్కలేదు. అన్నిటికీ లోపలి ఫోమ్ మాత్రం మార్చాల్సి వచ్చింది. అలాంటి పరిస్థితి వస్తే సీటు మీరు విప్పకండి. ఎయిర్‌బ్యాగ్ వైరు ఉంటుంది, బ్యాటరీ తీసి మెకానిక్ చేతే విప్పించండి.

ఎన్నాళ్లకోసారి అన్నారు కదా. వారానికోసారి పొడిగుడ్డ, వాక్యూమ్. నెలకోసారి పిండిన తడిగుడ్డ. డ్రైవర్ సీటు, హెడ్‌రెస్ట్, స్టీరింగ్ మూడు నాలుగు నెలలకోసారి క్లీనర్‌తో. వెనక సీట్లకు ఏడాదికి రెండుసార్లు చాలు. అంతకన్నా ఎక్కువ రుద్దడం కూడా అరుగుదలే.

ఈ ఆదివారం మీరు అన్నీ ఒకేసారి మొదలుపెట్టకండి. హెడ్‌రెస్ట్ ఊడదీసి మొదటి విడత చేయండి, డ్రైవర్ సీటు వీపు మీద ఎడమ సగం మాత్రం శుభ్రం చేసి కుడి సగం అలాగే వదిలేయండి. ఆరాక రెండు సగాలూ పక్కపక్కన కనిపించేలా, ఫ్లాష్ లేకుండా పగటి వెలుగులో ఒక ఫోటో, తెల్లగుడ్డది ఇంకో ఫోటో ఇక్కడ పెట్టండి. గుడ్డ మీద అంటినది మురికా, రంగా అన్నది చూసి కుడి సగానికి ఏం చేయాలో చెబుతాను.